ముంబై దగ్గరి నావా షేవా పోర్టులో దిగిన కంటైనర్ 'ఇంకా దొరకలేదు' అంటున్నారు, అసలిది సాధ్యమేనా?

ఎడిసన్_టు_నిజాంపేట
న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేసి సామానంతా ఒక ఇరవై అడుగుల కంటైనర్లో ఎక్కించి హైదరాబాద్ పంపాం. మేము వచ్చేశాం, పిల్లలు బడికి కూడా వెళ్తున్నారు, సామాను మాత్రం రాలేదు. ప్యాకర్స్ వాళ్ల పోర్టల్‌లో 'నావా షేవాలో డిశ్చార్జ్ అయింది, లొకేషన్ కోసం వేచి ఉంది' అని చాలా రోజులుగా అదే లైను కనిపిస్తోంది. ఫోన్ చేస్తే 'పోర్టులో ఇంకా దొరకలేదు మేడమ్' అంటాడు. దొరకకపోవడం ఏమిటి, అదేమన్నా తాళంచెవా? వాళ్లిచ్చిన కంటైనర్ నంబర్ షిప్పింగ్ లైన్ సైట్‌లో కొడితే 'రికార్డు లేదు' అని వస్తోంది. ఓడ పేరు తెలుసు కదా అని ఓడల మ్యాప్‌లో వెతికితే అది ఎప్పుడో బయలుదేరి కొలంబో దాటి పోయింది. మా డబ్బా దిగిందా, అదే ఓడలో అట్నించటే వెళ్లిపోయిందా? ఇంత పెద్ద ఇనుప పెట్టెకి ఒక జీపీఎస్ పెట్టరా ఎవరూ?

ఉల్లి_పెసరట్టు
ఇటు నుంచి అటు వెళ్తే ఆవకాయ జాడీ పగిలిందేమోనని భయపడాలి. అటు నుంచి ఇటు కాబట్టి అక్కా, ధైర్యంగా ఉండండి.

యార్డ్_గాజువాక
కంటైనర్ టెర్మినల్‌లో యార్డ్ ప్లానింగ్ చేస్తాను. వైజాగ్ వైపు, నావా షేవా కాదు, కానీ పద్ధతి ఎక్కడైనా దాదాపు ఒకటే.

ముందు జీపీఎస్ సంగతి. మామూలు డ్రై కంటైనర్లలో (చల్లబరిచే మిషను లేనివి) చాలావాటికి ఏ పరికరమూ ఉండదు. ఇనుప గోడలు, చెక్క నేల, బయట రాసిన నంబర్, అంతే. అందుకని టెర్మినల్ డబ్బా మీద కన్నేయదు, దాన్ని ఎత్తి దించే క్రేన్ మీద కన్నేస్తుంది. ఓడలోంచి క్వే క్రేన్ దించి లోపల తిరిగే ట్రైలర్ మీద పెడుతుంది, అక్కడ కెమెరాగానీ ట్యాలీ క్లర్కుగానీ నంబర్ చదివి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ట్రైలర్ యార్డ్‌లోకి రాగానే ఆర్‌టీజీ క్రేన్ (రబ్బరు చక్రాల మీద వరసల పైనుంచి కదిలేది) డబ్బాని ఎత్తుకుంటుంది. ఆ క్రేన్ నెత్తిన జీపీఎస్ యాంటెనా ఉంటుంది, డబ్బా మూలల్ని పట్టుకునే ట్విస్ట్‌లాకులు ఎక్కడ విడిచాయో ఆ చోటు వెంటనే సాఫ్ట్‌వేర్‌కి వెళ్తుంది. చోటుకి నాలుగు ముక్కల అడ్రస్: బ్లాక్, బే (బ్లాక్ పొడవు వెంట ఎన్నోది), వరస, ఎత్తు. మామూలుగా ఒక బ్లాక్‌లో పక్కపక్కన ఆరు వరసలు, ఒకదాని మీద ఒకటి ఐదు వరకు పేరుస్తారు.

కాబట్టి 'దొరకలేదు' అన్నారంటే, ఒకటి, రికార్డులో ఒక చోట ఉండి నిజంగా ఇంకో చోట ఉండాలి. రెండు, అడిగినవాడు అడగాల్సిన చోట అడగలేదు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ. మీది ఏ టెర్మినల్? నావా షేవా అంటే ఒక్క టెర్మినల్ కాదు, ఐదు ఉన్నాయి, ఎవరి కంప్యూటర్ వాళ్లది. 2024-25లో ఆ పోర్టులో దాదాపు 73 లక్షల టీఈయూలు (ఇరవై అడుగుల డబ్బాల లెక్కన) దిగి ఎక్కాయి. 'పోర్టులో అడిగాం' అంటే ఎవరిని అడిగినట్టు?

ఎడిసన్_టు_నిజాంపేట
టెర్మినల్ పేరు అడిగితే 'నావా షేవా అండీ' అనే చెప్తున్నాడు. ఇప్పుడు మీరు చెప్పాక అర్థమవుతోంది, అతనికీ తెలియదన్నమాట.

ట్రైలర్_కూర్మన్నపాలెం
యార్డ్ అన్న చెప్పినంత సాఫీగా ఏమీ ఉండదు. మాకు రెండు బండ్లున్నాయి. స్లిప్పు మీద బ్లాక్ నంబర్ రాసి ఇస్తారు, వెళ్లి దాని ముందు నిలబడతాం. క్రేన్ రాదు. వస్తే 'నీది అడుగున ఉంది' అంటాడు. ఒకసారైతే మా డ్రైవర్ రాత్రంతా అక్కడే ఉండి తెల్లారాక బయటపడ్డాడు, ఆ ట్రిప్పులో డీజిల్ డబ్బులు కూడా మిగల్లేదు. రికార్డులో అన్నీ బాగానే ఉంటాయి.

యార్డ్_గాజువాక
@ట్రైలర్_కూర్మన్నపాలెం అది తప్పిపోవడం కాదన్నా, మిగతావాటి అడుగున పడిపోవడం. ఎగుమతి డబ్బాలైతే ఏ ఓడకి, ఏ పోర్టుకి, ఎంత బరువు అని ముందే తెలుస్తుంది, ఆ లెక్కన పేరుస్తాం. దిగుమతి డబ్బా కోసం ఎవరి బండి ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. మీరొచ్చిన రోజు మీది అడుగున ఉంటే పైన ఉన్న మూడూ తీసి పక్కన పెట్టాలి, ఆ మూడింటి కొత్త అడ్రస్ మళ్లీ ఎక్కించాలి.

అసలు తప్పులు పుట్టేది అక్కడే, అది నేను ఒప్పుకుంటాను. ముఖ్యంగా రీచ్ స్టాకర్‌తో (పొడవాటి చెయ్యి ఉండే, డబ్బాలెత్తే బండి) తీసే చోట. చాలా రీచ్ స్టాకర్లకి చోటు కనిపెట్టే పరికరం ఉండదు, డ్రైవర్ స్క్రీన్ మీద 'అయింది' అని నొక్కితే అయినట్టే. మూడో వరసలో పెట్టమంటే నాలుగో వరసలో పెట్టి మూడు అని నొక్కాడనుకోండి, ఆ తర్వాత దాని మీద ఇంకోటి వస్తుంది, ఇక తమాషా మొదలు. అప్పుడు మనిషి చేతిలో మిషను పట్టుకుని ఆ బ్లాక్ అంతా నడుస్తూ నంబర్లు చదువుతాడు. పక్క వరస, పక్క బే, చివరగా ఎదురు బ్లాక్. ఎక్కువసార్లు పక్క వరసలోనే దొరుకుతుంది.

తుని_సీమాన్
ఓడలో ఉన్నంతసేపు ఈ గొడవే ఉండదు. ప్రతి డబ్బాకీ ఆరంకెల సీటు నంబర్. 130482 అంటే 13వ బే, 04వ వరస, 82వ అంతస్తు. బే సంఖ్య బేసి అయితే ఇరవై అడుగులది, సరి అయితే నలభై. వరస సరి సంఖ్య అయితే ఓడకి ఎడమవైపు, బేసి అయితే కుడివైపు. 80ల్లో అంకె వస్తే డెక్ మీద ఉన్నట్టు, 02, 04 లాంటివి వస్తే కింద హోల్డ్‌లో ఉన్నట్టు. ఓడ వచ్చేలోపే ఈ పటమంతా బేప్లై అనే ఫైలు రూపంలో టెర్మినల్‌కి చేరిపోతుంది. మీ డబ్బా దిగకుండా ఓడలోనే ఉండిపోవడం జరగదని చెప్పను, కానీ జరిగితే టెర్మినల్ లెక్కలో ఆ రోజే తేడా కనపడుతుంది.

@ఎడిసన్_టు_నిజాంపేట ఓడల మ్యాప్ చూసి కంగారు పడకండి. అది ఓడ తానెక్కడుందో చెప్తూ పంపే ఏఐఎస్ సిగ్నల్. లోపల ఏ డబ్బా ఉందో దానికి తెలియదు.

సున్నా_ఒకటి
అందరూ క్రేన్లూ బ్లాకులూ అంటున్నారు. లైన్ సైట్‌లో 'రికార్డు లేదు' అని వచ్చిందన్న ముక్క ఎవరూ పట్టించుకోలేదు. నంబరే తప్పేమో?

కంటైనర్ నంబర్‌లో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర గడి కట్టిన ఇంకో అంకె ఉంటాయి. మొదటి మూడు అక్షరాలు యజమాని కోడ్, పారిస్‌లో బీఐసీ అని 1933 నాటి సంస్థ ఉంది, అది ఇస్తుంది. నాలుగోది యూ అయితే సరకు కంటైనర్. గడిలో అంకె తనిఖీ కోసం. అక్షరాలకి విలువలు: ఏ 10, బీ 12, సీ 13... ఇలా పోతూ 11, 22, 33 వదిలేస్తారు. మొదటిదాన్ని 1తో, తర్వాతవాటిని 2, 4, 8, 16... చివరిదాన్ని 512తో గుణించి అన్నీ కలిపి 11తో భాగిస్తే మిగిలేదే ఆ అంకె. శేషం 10 వస్తే 0.

పాఠాల్లో ఎప్పుడూ చూపించే నంబర్ తీసుకుందాం, సీఎస్‌క్యూయూ 305438, గడిలో 3. సీ 13, ఎస్ 30ని 2తో 60, క్యూ 28ని 4తో 112, యూ 32ని 8తో 256. అంకెలకి 48, 0, 320, 512, 768, 4096. మొత్తం 6185. 11తో భాగిస్తే శేషం 3. సరిపోయింది. ఎవరైనా 54ని 45 అని కొట్టారనుకోండి, మొత్తం 6249 అవుతుంది, శేషం 1. గడిలో 3 ఉంటే పట్టుబడుతుంది.

మీ నంబర్ ఇక్కడ పెట్టకండి. మీరే లెక్క వేసి చూడండి.

ఉల్లి_పెసరట్టు
టెన్త్‌లో ఈ లెక్కలు ఎందుకు పనికొస్తాయి సార్ అని అడిగాను. సమాధానం ఇన్నేళ్లకి దొరికింది.

ఎడిసన్_టు_నిజాంపేట
@సున్నా_ఒకటి మా అబ్బాయి చేత ఒకసారి, నేను ఒకసారి వేశాం. గడిలో 7 ఉంది, మాకు శేషం 2 వస్తోంది. ఇద్దరికీ అదే. అంటే ఇన్నాళ్లూ లేని కంటైనర్ కోసం వెతుకుతున్నానా!

సీహెచ్‌ఏ_బాబాయ్
ఇప్పుడు దారిలో పడ్డారు. కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసుల్లోనే తల నెరిసింది నాకు, ఈ నంబర్ తప్పు అనేది కొత్తేం కాదు. ఫోన్‌లో చెప్పింది రాసుకోవడం, వాట్సాప్ ఫోటో చూసి కొట్టడం, అలాగే వస్తాయి.

అమ్మా, ప్యాకర్స్ మీకిచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్ హౌస్ బిల్లు అయి ఉంటుంది, వాళ్లు సొంతంగా ఇచ్చేది. ఆ నంబర్ లైన్ సైట్‌లో పనిచేయదు. లైన్ వాళ్లకి ఇచ్చేది మాస్టర్ బిల్లు. దాని కాపీ అడగండి, మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. అందులో అసలు కంటైనర్ నంబర్, సీల్ నంబర్ రెండూ ఉంటాయి. ఇంకో ప్రశ్న, డబ్బా మొత్తం మీదేనా, ఇంకొకళ్ల సామానుతో కలిపి పంపారా? కలిపి పంపితే మీ సామాను నావా షేవా పక్కన సీఎఫ్‌ఎస్ (పోర్టు బయట కంటైనర్లు విప్పే కేంద్రం) గోడౌన్‌లో విప్పి విడదీస్తారు, అప్పుడు డబ్బా జాడ తెలిసినా మీకు ఉపయోగం లేదు.

ఎడిసన్_టు_నిజాంపేట
మొత్తం మాదే. లోడ్ చేసినప్పుడు నేనే ఉన్నాను, తలుపులకి సీల్ వేయడం కూడా చూశాను. మాస్టర్ బిల్ కోసం మెయిల్ పెట్టాను.

భీమవరం_రొయ్య
జీపీఎస్ అసలు లేదన్న మాట ఒప్పుకోను. మా రొయ్యలు వెళ్లే రీఫర్లలో (ఫ్రిజ్ కంటైనర్లు) చాలావాటికి మోడెమ్ ఉంటుంది. మైనస్ 18 ఉందా లేదా, కరెంట్ ఎప్పుడు పోయింది, ఎక్కడ ఉంది, అన్నీ ఆఫీసులో కూర్చుని చూస్తున్నాం. ఆ ఖర్చు పెట్టగలిగినప్పుడు డ్రై వాటికి ఎందుకు పెట్టరు?

యార్డ్_గాజువాక
@భీమవరం_రొయ్య రీఫర్‌కి సొంత మిషను, దానికి కరెంటు ప్లగ్గు ఉంటాయి, మోడెమ్‌కి తిండి దొరికింది. డ్రై డబ్బాకి ఏముంది? బ్యాటరీ లేదా సోలార్ పలక అతికించాలి, అది తుప్పు, ఉప్పుగాలి, క్రేన్ దెబ్బలు తట్టుకుని ఏళ్లు పనిచేయాలి. అయినా పెడుతున్నారు, హపాగ్ లాయిడ్ అనే షిప్పింగ్ లైన్ వాళ్లు తమ డ్రై కంటైనర్లన్నిటికీ ట్రాకర్లు పెడతామని 2022లో ప్రకటించారు. కానీ ఐదెత్తు పేర్చిన యార్డ్‌లో అడుగున ఉన్నదానికి ఆకాశమే కనపడదు. పోర్టు పేరు చెప్తుంది, మహా అయితే ఏ మూలో చెప్తుంది. ఏ వరసలో ఎన్నో ఎత్తులో అంటే మళ్లీ మా రికార్డే దిక్కు.

భీమవరం_రొయ్య
కరెంట్ ఉన్నా మీ యార్డ్‌ల్లో ప్లగ్ పెట్టడం మర్చిపోయిన కథలు నా దగ్గర ఉన్నాయి. అది వేరే థ్రెడ్‌లో.

ఉల్లి_పెసరట్టు
పెట్టండి ఆ థ్రెడ్, నేను ఉల్లి తరుగుతూ చదువుతాను.

అనుమానం_ఆంజనేయులు
అడ్రస్ అంత కచ్చితంగా వాళ్ల కంప్యూటర్‌లో ఉంటే కొన్నవాడికి, పంపినవాడికి చూపించడానికి ఏం నొప్పి? సైట్‌లో 'డిశ్చార్జ్', 'గేట్ అవుట్' తప్ప ఇంకేమీ రాదు. చూపిస్తే వాళ్ల ఆలస్యం బయటపడుతుంది, అదీ సంగతి.

సున్నా_ఒకటి
@అనుమానం_ఆంజనేయులు చూపించకపోవడానికి గట్టి కారణం ఉంది. 2011 నుంచి 2013 వరకు బెల్జియంలో ఆంట్వెర్ప్ పోర్టులో డ్రగ్స్ ముఠా హ్యాకర్లని పెట్టుకుని ఏ కంటైనర్ ఎక్కడుందో, దాన్ని విడిపించే కోడ్ ఏమిటో దొంగిలించింది. అసలు యజమాని కంటే ముందే వీళ్ల బండి వచ్చి డబ్బా పట్టుకుపోయేది. పోలీసులు పట్టుకున్నాక బయటపడింది. యార్డ్ అడ్రస్ అందరికీ కనపడితే పని ఇంకా సులువు.

రికార్డు మీదే అంతా ఆధారపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వైరస్ మర్స్క్ షిప్పింగ్ గ్రూపు కంప్యూటర్లని పడగొట్టినప్పుడు నావా షేవాలో ఒక టెర్మినల్ కూడా ఆగిపోయింది. డబ్బాలన్నీ కళ్ల ముందే ఉన్నాయి, ఏది ఎవరిదో చెప్పే యంత్రం లేదు.

అనుమానం_ఆంజనేయులు
సరే డ్రగ్స్ మాట ఒప్పుకుంటాను. నా డబ్బా ఏ టెర్మినల్‌లో ఉందో చెప్పడానికి కూడా ముఠా భయమేనా?

సీహెచ్‌ఏ_బాబాయ్
ఆ మాత్రం ఎవరైనా చూసుకోవచ్చు. లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ అని కంటైనర్ల జాడ చూపే సైట్ ఉంది, ఎల్‌డీబీ అంటాం. 2016లో నావా షేవాతోనే మొదలైంది, ఇప్పుడు వైజాగ్, చెన్నై లాంటివన్నీ ఉన్నాయి. దిగుమతి డబ్బా టెర్మినల్ నుంచి బయటికి పోయేముందు దానికి ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ తగిలిస్తారు, మీ కారు ఫాస్టాగ్‌లో ఉండే టెక్నాలజీనే. టెర్మినల్ గేటు, దారిలో కొన్ని టోల్ ప్లాజాలు, సీఎఫ్‌ఎస్, ఐసీడీ (సముద్రం లేని ఊళ్లలో ఉండే కంటైనర్ డిపో) గేట్లలో రీడర్లున్నాయి, వాటి ముందు నుంచి పోయినప్పుడు టైము నమోదవుతుంది. రైలులో పోతే రైల్వే సమాచారం అందులోనే కలుస్తుంది. సైట్‌లో కంటైనర్ నంబర్ కొడితే చాలు, లాగిన్ కూడా అక్కర్లేదు. రెండు రీడర్ల మధ్య ఎక్కడుందో మాత్రం చెప్పదు, ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు.

ట్రైలర్_కూర్మన్నపాలెం
బాబాయ్ చెప్పింది నిజం. మా పార్టీలు ఇప్పుడు అదే చూసి ఫోన్ చేస్తున్నారు, 'టోల్ దాటావు, ఇంకా రాలేదేం' అని. డ్రైవర్ టిఫిన్ తినడం కూడా కష్టమైపోయింది.

ఎడిసన్_టు_నిజాంపేట
మాస్టర్ బిల్ వచ్చింది. నంబర్‌లో మధ్య అంకెలు రెండు తారుమారు చేసి ఇచ్చారు నాకు, గడిలో 7 మాత్రం సరైనదే. అసలు నంబర్‌కి లెక్క వేస్తే 7 వచ్చింది. ఎల్‌డీబీలో కొట్టాను. డబ్బా ఎప్పుడో రైలెక్కి సనత్‌నగర్ ఐసీడీకి వచ్చి కూర్చుంది!! నిజాంపేట నుంచి ఆటోలో వెళ్లొచ్చు. ప్యాకర్స్ పోర్టల్‌లో ఇప్పటికీ 'లొకేషన్ కోసం వేచి ఉంది'. అది చేత్తో టైప్ చేసే లైను అని ఇప్పుడు చెప్తున్నారు.

ఉల్లి_పెసరట్టు
సనత్‌నగర్! మా ఆఫీస్ అటే, రోజూ మీ డబ్బా ముందు నుంచి పోతున్నానేమో.

యార్డ్_గాజువాక
చూశారా, నావా షేవా వాళ్లు ఏమీ పోగొట్టలేదు. లేని నంబర్ అడిగితే 'దొరకలేదు' అనక ఏమంటారు పాపం.

అనుమానం_ఆంజనేయులు
గడి అంకె కలవడం లేదని మీ కంప్యూటర్లు చెప్పవా? 'ఈ నంబర్ తప్పు' అని ఒక్క ముక్క అంటే అందరికీ పీడ విరగడయ్యేది.

యార్డ్_గాజువాక
మా సాఫ్ట్‌వేర్‌లో కొడితే చెప్తుంది. ఆ ప్యాకర్స్ కుర్రాడు అసలు కొట్టించాడా అన్నదే నా అనుమానం. మీ పేరు వాడుకున్నాను, ఏమనుకోకండి.

సీహెచ్‌ఏ_బాబాయ్
అమ్మా, సంబరం తర్వాత, ముందు ఈ పని చూడండి. రెండు మీటర్లు తిరుగుతున్నాయి. ఐసీడీ వాళ్ల గ్రౌండ్ రెంట్ ఒకటి, డబ్బా తిరిగి ఇవ్వనందుకు లైన్ వాళ్లు వేసే డిటెన్షన్ ఒకటి. రెండింటికీ వేర్వేరుగా ఫ్రీ రోజులుంటాయి, అవి అయిపోయాయేమో కనుక్కోండి. ఎల్‌డీబీలో డబ్బా ఎప్పుడు చేరిందో చూపించే పేజీ, ప్యాకర్స్ పోర్టల్‌లో ఇవాళ కనిపిస్తున్న లైను, రెండూ తేదీలతో సహా ప్రింట్ తీసి పెట్టుకోండి, రేపు సరిచేసేస్తే మీ దగ్గర రుజువు ఉండదు. అదనపు ఛార్జీలు ఎవరు కట్టాలన్న వాదనకి అవే ఆధారం. సామాను విడిపించే రోజు పాస్‌పోర్ట్ తీసుకుని మీరు స్వయంగా వెళ్లాల్సి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (విదేశం నుంచి కాపురం మార్చేవాళ్ల సామానుకి కస్టమ్స్ ఇచ్చేది) రాయితీ అడుగుతున్నారు కదా, రాకపోకల ముద్రలన్నీ చూస్తారు. తలుపు తెరిచే ముందు సీల్ నంబర్ మాస్టర్ బిల్లుతో సరిపోల్చండి. ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చినట్టు ఈఐఆర్ కాగితం చేతికొచ్చేదాకా లైన్ మీటర్ ఆగదు, అది గుర్తుంచుకోండి.

ఎడిసన్_టు_నిజాంపేట
ప్రింట్లు తీశాను. లేటు ఛార్జీలు మేమే కట్టాలంటున్నారు, ముందు విడిపించుకుని తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం అంటున్నారు మా ఆయన. రేపు సనత్‌నగర్ వెళ్తున్నాం.

కొల్లం_లో_కాకినాడ
దొరికినవాళ్లు అదృష్టవంతులు. నేనుండేది కొల్లంలో, 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగినప్పుడు మా వైపు ఒడ్డుకి కంటైనర్లు కొట్టుకొచ్చాయి. ఆ ఓడలో 640 ఉన్నాయి. వాటిల్లో చాలావాటికి ఆఖరి రికార్డు 'ఓడలో ఎక్కింది' అనే ఉండిపోయి ఉంటుంది.

తుని_సీమాన్
2026 జనవరి 1 నుంచి సముద్రంలో కంటైనర్ పడిపోతే చెప్పి తీరాలని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందంలో నిబంధన వచ్చింది. దగ్గర్లో ఉన్న ఓడలకీ, తీరంలో ఉన్న అధికారులకీ, ఓడ జెండా ఏ దేశానిదో ఆ దేశానికీ. అంతకుముందు ఇంత గట్టిగా లేదు. కొన్ని తేలుతూ ఉంటాయి, రాత్రిపూట చిన్న పడవలకి ప్రాణాంతకం.

గుంటూరు_ఘాటు
సందు దొరికింది కాబట్టి నాదీ అడుగుతున్నాను. మా మిర్చి కంటైనర్ చెన్నైలో ఎక్కి చైనా వెళ్లాలి. పోర్ట్ క్లాంగ్‌లో ఓడ మారాలి. ఎల్‌డీబీలో చెన్నై టెర్మినల్ దాకా చూపించి ఆగిపోయింది. నంబర్ సరైనదే, గడి లెక్క నేనూ వేశాను.

సీహెచ్‌ఏ_బాబాయ్
@గుంటూరు_ఘాటు ఎల్‌డీబీలో చెన్నై దాటాక కనిపించకపోతే కంగారు పడకండి. అక్కడి నుంచి లైన్ సైట్‌లో బుకింగ్ నంబర్‌తో చూడాలి. క్లాంగ్‌లో దిగినట్టు ఉండి మళ్లీ ఎక్కినట్టు లేకపోతే అక్కడి యార్డ్‌లో ఉన్నట్టు. ముందు చెప్పిన రెండో ఓడ పేరు, ఇప్పుడు సైట్‌లో ఉన్న పేరు ఒకటేనా?

గుంటూరు_ఘాటు
ఇప్పుడే చూశాను. పేరు మారింది, తేదీ కూడా వచ్చే వారానికి జరిగింది.

సీహెచ్‌ఏ_బాబాయ్
అయితే రోల్ అయింది. ఓడలో చోటు చాలక తర్వాతి దానికి తోశారు. చైనాలో కొన్నవాళ్లకి ఈ కొత్త తేదీ ఇవాళే మెయిల్ చేయండి, ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం) మీద అమ్మితే బ్యాంకుకి కూడా.